"రాను" అని చెప్పగలిగిన చోటు

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. బడిలో పదేళ్లు వెంట ఉన్న స్నేహితులు తలో దారి పట్టారు. కళాశాలలో చేరిన మూడు నెలల్లోనే ఐదుగురి జట్టు ఒకటి మిమ్మల్ని కలుపుకుంది. వాళ్లతో ఉన్నంతసేపూ పొద్దు తెలియడం లేదు కానీ, గదికి వచ్చి తలుపు వేసుకున్నాక మనసు ఎందుకో చిన్నబోతోంది. మొన్న వాళ్లంతా మీ ల్యాబ్ పార్ట్‌నర్ నత్తిని అనుకరిస్తూ నవ్వుతుంటే మీరూ ఒక మాట అనుకరించి, ఆ రాత్రి నిద్రపట్టక ఈ ప్రశ్న రాశారు. మంచి స్నేహితులను ముందుగానే గుర్తుపట్టడం ఎలా, ఈ జట్టులో ఉండాలా మానాలా అన్నవి మీరు అడిగిన రెండు విషయాలు. నేను 26 ఏళ్లు అధ్యాపకుడిగా, అందులో 9 ఏళ్లు హాస్టల్ వార్డెన్‌గా కూడా పనిచేశాను. ఇక్కడ రాస్తున్నదాంట్లో చాలా భాగం ఆ వరండాల్లో చూసినది, కొంత నా పదిహేడో ఏట చేసిన పొరపాటు వల్ల తెలిసివచ్చినది.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. స్నేహితులను మనం ఎంచుకుంటామని అనుకుంటాం కానీ, మొదటి పరిచయం దగ్గర ఎంపిక అనేది దాదాపు ఉండదు. ఎవరి పక్కన చోటు దొరికిందో, ఎవరి గది ఎదురుగా ఉందో, హాజరు పట్టీలో ఎవరి పేరు మన పేరు పక్కన పడిందో, అదే నిర్ణయిస్తుంది. లియోన్ ఫెస్టింగర్, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో వివాహిత విద్యార్థుల నివాసాలను పరిశీలించి 1950లో వెల్లడించిన ఫలితాలు ఈ విషయంలో ఇప్పటికీ చెప్పుకోదగ్గవి. పక్క గుమ్మం వాళ్లలో 41 శాతం మంది తరచుగా కలిసే స్నేహితులుగా తేలగా, అదే అంతస్తులో రెండు కొసల్లో ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 10 శాతం మాత్రమే. నడవాల్సిన దూరం నాలుగడుగులు పెరిగితే స్నేహం అంత తరిగిపోయింది. కాబట్టి ఆ ఐదుగురు మీ దగ్గరికి ఎలా వచ్చారన్న దాని గురించి మీరు తప్పుపట్టుకోవలసింది ఏమీ లేదు. అసలు ఎంపిక రెండో మెట్టు దగ్గర మొదలవుతుంది. పరిచయమైన వాళ్లలో ఎవరికి మన తీరిక వేళలను ఇస్తూ పోతామన్నదే ఎంపిక.

ఆ వేళల లెక్క కూడా ఒకటి ఉంది. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన పరిశీలన ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, గట్టి స్నేహంగా మారడానికి 90 గంటలు, ప్రాణస్నేహం అనదగ్గ దశకు చేరడానికి 200 గంటలకు పైగా పడుతుంది. తరగతిలో పక్కపక్కన కూర్చున్న గంటలు ఇందులో పెద్దగా లెక్కకు రావు, కబుర్లకూ షికార్లకూ ఇచ్చిన గంటలే వస్తాయి. మీరు రోజుకు రెండు మూడు గంటలు వాళ్లతో గడుపుతున్నానని రాశారు గనుక, ఎంపిక చేసుకోవాలా అని మీరు ఆలోచించడం మొదలుపెట్టే సమయానికే ఆ 200 గంటలు దాదాపు ఖర్చయిపోయాయి. బయటికి రావడం మీకు ఇంత బరువుగా తోచడానికి కారణం మీ బలహీనత కాదు, ఈ గంటలే.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలు చెప్పినదాన్ని యువతీయువకులు పాత చింతకాయ పచ్చడిగా కొట్టిపారేస్తారు కానీ, ఆరు నెలలు కూడా అక్కర్లేదని తేల్చిన ప్రయోగం ఉంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 306 మందిని మూడు వయసుల వారీగా విభజించి, కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. పసుపు దీపం వెలిగాక ఇంకా ముందుకు పోవాలా, ఆపేయాలా అన్నది ఆట. ఒంటరిగా ఆడినప్పటి తెగింపుకూ, ఇద్దరు తోటివారు పక్కనుండగా ఆడినప్పటి తెగింపుకూ 24 ఏళ్లు పైబడినవాళ్లలో తేడా దాదాపు కనిపించలేదు. 13 నుంచి 16 ఏళ్లవాళ్లు మాత్రం తోటివారి ఎదుట దాదాపు రెట్టింపు తెగింపు చూపారు. మీ ఈడు వాళ్లు, అంటే 18 నుంచి 22 ఏళ్లవాళ్లు, ఆ రెండు వయసులకూ మధ్యన నిలిచారు. పక్కనున్నవాళ్లు ఏమీ బలవంతపెట్టనక్కర్లేదు, పక్కన ఉంటే చాలు, ఆ వయసులో మనిషి మారిపోతాడు. ఒంటరిగా ఉండగా మీరు ఎన్నడూ ఎవరి నత్తినీ అనుకరించి ఉండరని నేను నమ్మకంగా అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మంచి స్నేహితుడి లక్షణాలంటూ నిజాయితీ, విధేయత, సహనం అని పట్టికలు రాసిపెట్టుకున్న విద్యార్థులను చాలామందిని చూశాను, అవి ఎవరికీ అక్కరకు వచ్చినట్టు కనిపించలేదు. మూడు నెలల పరిచయంలో ఎదుటివాడి నిజాయితీ మనకు ఎలా తెలుస్తుంది? నేను చూడమనేది ఒకే ఒక్కటి, అది కూడా మీలోనే చూసుకోవాలి. ఆ మనిషి దగ్గర మీకు ఎంత మొహమాటం ఉంది? "ఈరోజు నేను రాను" అన్న చిన్న మాట చెప్పడానికి మీరు సాకు వెతుక్కోవలసి వస్తోందా, లేక మాట మాటగా నోట వస్తోందా? కొత్త పరిచయంలో మొహమాటం సహజమే. కానీ నాళ్లు గడిచేకొద్దీ అది తగ్గుతూ రావాలి. 200 గంటల తర్వాత కూడా తలనొప్పి అని అబద్ధం చెప్పి గదిలో ఉండిపోవలసి వస్తోందంటే, ఆ చోట మీకు పరిచయం పెరిగింది గానీ స్నేహం పెరగలేదు.

ఇందుకు ఒక దృశ్యం చెబుతాను. హాస్టల్‌లో ఒక రాత్రి వరండా చివర నిలబడి ఉన్నాను. మర్నాడు పరీక్ష ఉన్న కుర్రవాడు గదిలో చదువుకుంటున్నాడు, గుమ్మంలో నలుగురు నిలబడి బయటికి రమ్మంటున్నారు. "రెండు పాఠాలు మిగిలాయిరా, నేను రాను" అన్నాడతను. ఒకడు నవ్వాడు, ఒకడు పంతులుగారంటూ దండం పెట్టాడు, మూడోవాడు చేతిలోని పుస్తకం లాక్కుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. కుర్రవాడు చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే పరిగెత్తాడు, ముఖాన నవ్వే ఉంది, కానీ అది ఏడుపుకు ఎంత దగ్గరి నవ్వో దూరం నుంచి చూసేవాడికి తెలుస్తుంది. నాలుగోవాడు అంతదాకా ఏమీ మాట్లాడలేదు. మెట్ల మలుపు దగ్గర పుస్తకం లాక్కున్నవాడి చేతిలోంచి దాన్ని తీసుకుని, పైకి వచ్చి, చదువుతున్న పేజీ వెతికి వేలు పెట్టి మరీ అతనికి అందించాడు. తర్వాత మళ్లీ కిందికి దిగి ఆ ముగ్గురితో బయటికి వెళ్లిపోయాడు. ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరితోనూ తగవు పెట్టుకోలేదు. వార్డెన్‌గా నేను నలుగురినీ మందలించాల్సి వచ్చింది గానీ, స్నేహితుడంటే ఎవరని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఆ వేలు పెట్టిన పేజీయే గుర్తుకొస్తుంది.

ఆ నాలుగోవాడి విలువ ఎంతో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1951 నుంచి చేసిన ప్రయోగాలు లెక్కకట్టి చూపాయి. కొన్ని గీతల పొడవు పోల్చి చెప్పమని ఒక గుంపును అడిగేవారు. ఒక్కరు తప్ప మిగతా అందరూ ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెప్పేవారు. కళ్లెదుట కనబడుతున్న నిజాన్ని కాదని ఆ ఒక్కరు గుంపుతో గొంతు కలిపిన సందర్భాలు మూడింట ఒక వంతుకు పైగా ఉన్నాయి. అయితే గుంపులో మరొక్క మనిషి నిజం చెప్పగానే ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. అంటే జట్టంతా మంచిదై ఉండనక్కర్లేదు, మీకు పక్కన ఒక్కరు చాలు. మీ ఐదుగురిలో అలాంటివాళ్లు ఉన్నారో లేదో మీకే తెలియాలి. నత్తిని అనుకరిస్తున్నప్పుడు నవ్వని ముఖం ఏదైనా కనబడిందా? నవ్వుల్లో నవ్వని ముఖం మన కంటికి ఆనదు, ఈసారి కావాలని చూడండి.

"రాను" అన్న మాటను ఎలా వాడాలో కూడా చెప్పాలి. పరీక్షించడం కోసం దొంగ కారణాలు కల్పించకండి, అది మీరు ఆడే నాటకం అవుతుంది. నిజంగానే మీకు వెళ్లాలని లేని రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు సంజాయిషీ లేకుండా చెప్పండి. తర్వాత గమనించాల్సింది వాళ్ల మొదటి స్పందనను కాదు. కాస్త వేళాకోళం ఎవరైనా చేస్తారు, బతిమాలడం కూడా ప్రేమే. మర్నాడు ఎలా ఉన్నారన్నది చూడండి. మామూలుగా పలకరించారా, జరిగినవి చెప్పారా, లేక మీరు లేనప్పుడు తీసుకున్న ఫోటోలు మీ ముందు తిప్పుతూ మాట తప్పించారా? వారం తర్వాత కూడా అదే మాటను దెప్పుతున్నారా? "కాదు" అన్న మాటను మరచిపోగలిగినవాళ్లతో జీవితం గడపవచ్చు.

ఆపదలో ఆదుకున్నవాడే అసలు స్నేహితుడని అందరూ చెబుతారు. ఇది నిజమే అయినా, పద్దెనిమిదేళ్ల వయసులో ఎంచుకోవడానికి పనికొచ్చే కొలత కాదని నా అభిప్రాయం. పెద్ద ఆపదలు అదృష్టవశాత్తూ అరుదు, వాటికోసం ఎదురుచూస్తూ ఎవరినీ తూచలేం. పైగా మనం కిందపడ్డప్పుడు చేయి అందించడంలో కొందరికి ఒక తృప్తి ఉంటుంది, లేచి నిలబడ్డాక వాళ్లకే మనం కంటగింపవుతాం. అందుకని నేను సంతోషవార్తను కొలతగా వాడమంటాను. షెల్లీ గేబుల్, ఆమె సహచరులు 2006లో జంటల మీద చేసిన పరిశోధనలో, కష్టం చెప్పుకున్నప్పుడు ఎదుటివాళ్లు ఎలా స్పందించారన్న దానికంటే, మంచి కబురు చెప్పినప్పుడు ఎలా స్పందించారన్నదే ఆ బంధం బాగుండటంతో ఎక్కువగా ముడిపడి ఉందని కనిపించింది. స్నేహాల్లోనూ నేను చూసింది ఇదే. మీకు మంచి మార్కులు వచ్చాయనో, పోటీలో ఎంపికయ్యారనో చెప్పినప్పుడు, "ఎలా వచ్చింది, మొదట ఎవరికి చెప్పావు, ఏం అడిగారు" అని వివరాలు లాగేవాళ్లు ఒక రకం. "అవునా, మంచిది" అని ఫోన్‌లోకి చూసేవాళ్లు ఒక రకం. "పేపర్ సులువుగా ఇచ్చారట కదా" అనేవాళ్లు ఇంకో రకం. ఈ మూడో రకంవాళ్లు చెడ్డవాళ్లని అనను, వాళ్లకు ఆ వేళ ఏదో గుచ్చుకుంది. కానీ ప్రతిసారీ గుచ్చుకుంటుంటే, వాళ్ల దగ్గర మీరు మెల్లగా మీ మంచి వార్తలు దాచుకోవడం మొదలుపెడతారు, తర్వాత మంచి వార్తలే లేకుండా చూసుకుంటారు. తెలివైన పిల్లలు జట్టు కోసం కావాలని వెనకబడటం నేను ఒకటికి పదిసార్లు చూశాను.

నా పొరపాటు సంగతికి వస్తే, పదిహేడేళ్లప్పుడు నాకు ముగ్గురు స్నేహితులుండేవారు. నా చేతిరాత బాగుంటుంది గనుక ముగ్గురి ల్యాబ్ రికార్డులూ నేనే రాసిపెట్టేవాణ్ని. అలా రాయడం నాకు గర్వంగానే ఉండేది, అది దాచను. ఒకసారి జ్వరంతో నాలుగు రోజులు గదిలో పడి ఉంటే, మూడో రోజు వాళ్లలో ఒకడు వచ్చి గుమ్మంలోనే నిలబడి "రికార్డులు ఏమయ్యాయి?" అని అడిగాడు. లోపలికి రాలేదు. అదే రోజుల్లో మా తరగతిలో మితభాషి ఒకతను ఉండేవాడు. నేను సెమినార్‌లో చెప్పబోయే లెక్కలో రెండో మెట్టు తప్పని, ముందురోజు సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, మెల్లగా చెప్పాడు. నాకు కోపం వచ్చింది. వీడెవడు నాకు చెప్పడానికి అనుకుని, సరిదిద్దుకున్నాను గానీ అతనితో మాట్లాడటం మానేశాను. గుమ్మంలో నిలబడ్డవాడితో మాత్రం మరో రెండేళ్లు తిరిగాను, రికార్డులు కూడా రాశాను. మనకు నచ్చేవాళ్లూ మనకు మేలుచేసేవాళ్లూ ఒకరే అయి ఉండాలని లేదన్న సంగతి నాకు ముప్పై దాటాక గానీ అర్థం కాలేదు. అప్పటికి ఆ మితభాషి చిరునామా నా దగ్గర లేదు.

అయితే తప్పు ఎత్తిచూపే ప్రతివాడూ శ్రేయోభిలాషి అనుకోకండి. "నేను ఉన్నది ఉన్నట్టు మొహానే చెప్తాను" అంటూ తిరిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లు చెప్పేది నలుగురి ముందు చెబుతారు, మీరు మార్చుకోలేని వాటి గురించి చెబుతారు. రంగు, ఎత్తు, గొంతు, ఇంటి పరిస్థితి. నా మితభాషి ముందురోజు చెప్పాడు, పక్కకు పిలిచి చెప్పాడు, దిద్దుకోగలిగినదాన్ని గురించి చెప్పాడు. ఈ మూడూ ఉన్నప్పుడు వినండి, ఎంత మంటగా ఉన్నా వినండి.

తల్లిదండ్రులు మార్కులు తక్కువ వచ్చేవాళ్లతో తిరగవద్దంటున్నారని మీరు రాశారు. వారి భయం నాకు తెలుసు, నేనూ తండ్రినే. కానీ మార్కులకూ స్నేహగుణానికీ నేనెప్పుడూ పొంతన చూడలేదు. పొగతాగే స్నేహితుడి విషయం కూడా అంతే. అతను తాగడం ఒక సంగతి, మీ నోటికి అందించి మీరు వద్దంటే నొచ్చుకోవడం ఇంకో సంగతి. తాను మాత్రమే తాగేవాడికి మీరు స్నేహితులుగా ఉండి సాయపడవచ్చు. కొన్ని విషయాల్లో మాత్రం ఆలోచన అక్కర్లేదు. మిమ్మల్ని పాత స్నేహితుల నుంచీ ఇంటివాళ్ల నుంచీ విడదీయాలని చూసేవాళ్లు, మీ రహస్యాన్నో ఫోటోనో చేతిలో పెట్టుకుని పనులు చేయించుకునేవాళ్లు, తీసుకున్న డబ్బు మాట ఎత్తితే మిమ్మల్నే దోషిని చేసేవాళ్లు కనిపిస్తే ఆ రోజే దూరం జరగండి, బెదిరింపు ఉంటే నమ్మకమైన పెద్దవాళ్లకు వెంటనే చెప్పండి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ నాకు కనబడలేదు.

కనుక ఆ జట్టుతో తెగతెంపులు చేసుకోమని నేను చెప్పను. ఒక ప్రకటన చేసి, అందరినీ బ్లాక్ చేసి, గ్రూపుల్లోంచి బయటికి వచ్చేసిన పిల్లలు రెండు వారాల ఒంటరితనం భరించలేక అంతకన్నా అధ్వానమైన జట్టులో చేరడం చూశాను. గంటలతో అల్లుకున్నది గంటలతోనే విడుతుంది. రోజుకు మూడు గంటలు ఇస్తున్నవారు వారానికి మూడు గంటలకు రండి, మిగిలిన వేళను గ్రంథాలయానికో, ఆటకో, పాటకో, మీకు నిజంగా ఇష్టమైన పనికి ఇవ్వండి. అక్కడ పక్కన కూర్చునేవాళ్లు మారతారు, గుమ్మాలు మారతాయి, పైన చెప్పిన 41 శాతం లెక్క ఈసారి మీవైపు పనిచేస్తుంది. ఐదుగురిలో ఆ నవ్వని ముఖం ఉంటే, ఆ ఒక్కరితో జట్టు లేనప్పుడు కలవండి. గుంపులో ఒకలా, విడిగా ఒకలా ఉండేవాళ్లు ఆ వయసులో చాలామంది. మీరూ వారిలో ఒకరు కనుక, తొందరపడి తీర్పు ఇవ్వకండి.

ఇక మీ ల్యాబ్ పార్ట్‌నర్. అతనికి ఆ సంగతి తెలిసిందో లేదో మీకు తెలియదని రాశారు. తరగతి గదుల్లో ఇలాంటివి చేరవలసినవాళ్లకు చేరకుండా ఉండటం నేను చూడలేదు. పెద్ద ఉత్తరాలూ కన్నీళ్లూ వద్దు, అవి అతని మీద మరో బరువు పెడతాయి. "మొన్న నేను చేసింది తప్పు, క్షమించు" అని ఒక్క వాక్యం, ఎవరూ లేనప్పుడు చెప్పండి. అతను ఏమీ అనకపోవచ్చు, అనేందుకు చాలాసేపు పట్టవచ్చు. నత్తి ఉన్నవాళ్లు మాటకోసం వెతుక్కుంటున్నప్పుడు ఎదుటివాళ్లు ఆ మాట అందించి పూర్తిచేయడం వాళ్లకు నచ్చదు. మీకు ఆ మాట ముందే తెలిసినా అందించకండి. చేతిలో ఉన్న పని ఆపి, అతని ముఖంలోకి చూస్తూ, అతను పూర్తిచేసేదాకా ఆగండి.